పాత కారులో అసలెంత, కొసరెంత?

సికిందరాబాదు నుండి ఉత్తరముగా పోవు పెద్ద బాటలు రెండు. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపూరునకు, రెండవది శామీర్‌పేట మీదుగా కరీంనగరమునకు పోవును. ఒకప్పుడు చెరువులకు, ద్రాక్షతోటలకు పేరుపడిన ఈ సీమ నేడు సగము నగరములో కలిసిపోయినది. తోటలు ఇండ్లస్థలములగుచున్నవి. తోట చేతులు మారిన దినమున అందలి రేకుల షెడ్డును విప్పవలసి వచ్చును. అట్లు విప్పిన షెడ్డులో ఎప్పుడైన ఒక పాత అమెరికా కారు బయటపడినదా, దాని చుట్టు మొదట చేరువాడు పాతయినుము కొనువాడు, రెండవవాడు దళారి. ఇంటివారు నోరు విప్పక మునుపే వారిద్దరును ధర చెప్పుదురు.

ధర మాట రెండవది. మొదట అడుగవలసిన ప్రశ్న వేరు. ఈ కారులో అసలెంత, కొసరెంత, పోయినదెంత? కర్మాగారమునుండి వెలువడిననాడు దానియందున్నది అసలు. కొన్నవారు అదనముగా సొమ్ము చెల్లించి పెట్టించుకొన్న రేడియో, వేడిగాలి పెట్టె, ఓవర్‌డ్రైవు వంటి అమరికలు కొసరు. కాలము తినివేసినది, మరమ్మతుచేయువారు మార్చివేసినది పోయినది. ఈ మూడింటిని వేరుచేసి చూచు విధమును, మేము శామీర్‌పేట సమీపమున చూచిన ఒక కారును ఆధారముగా చేసికొని మనవి చేయుదుము.

గత శీతకాలమున మాకు పరిచయమున్న ఒక కుటుంబమునుండి కబురు వచ్చెను. తోట అమ్మివేసితిమి, షెడ్డులో తాతలనాటి కారున్నది, దళారి దానిని పాతయినుము ధరకు అడుగుచున్నాడు, ఒక్కసారి వచ్చి చూడుడని దాని సారాంశము. పాత బండ్ల పనిలో తల నెరసిన ఒక మేస్త్రిని వెంటబెట్టుకొని మేము పోయితిమి. ఎనుబది యేండ్లు దాటిన అవ్వ ఆ కారు ప్రక్కనే కుర్చీ వేసికొని కూర్చుండి యుండెను. “మా మామ కొన్న బండి బిడ్డా ఇది. నేను కోడలుగ ఈ ఇంటికొచ్చింది ఇండ్లనే. ఉంచుమంటె ఉంచుతం, తీయుమంటె తీస్తం. గని మోసపోయి మాత్రం తీయం” అని ఆమె మాతో చెప్పినది.

దళారి ఆ కారునందు మూడు దోషములను ఎంచిపోయినాడట. అమెరికా కారునకు స్టీరింగు ఎడమప్రక్క ఉండవలయును, దీనికి కుడిప్రక్కకు మార్చినారు, ఇది మొదటిది. ముందుభాగమున డాడ్జ్ అని పేరున్నది గాని ఒడలంతయు ప్లిమత్, కనుక రెండు బండ్లను అతికినారు, ఇది రెండవది. లోపలి తొడుగులు, కొన్ని భాగములు మన దేశపువి, కనుక అసలు సామాను ఊడబెరికినారు, ఇది మూడవది. ఇంటివారు ఆ మాటలకు బెదరియుండిరి. ఈ మూడింటికిని సమాధానము చెప్పవలెనన్న, అమెరికా కార్లు మన దేశమునకు వచ్చిన తీరు కొంచెము తెలియవలయును.

అమెరికా కారనగానే డెట్రాయిటులో సిద్ధమై ఓడనెక్కి వచ్చినదని తలంతురు. ఇచ్చటికి చేరినవానిలో అనేకములు అట్టివి కావు. ఫోర్డు కంపెనీవారు బ్రిటిషు సామ్రాజ్య దేశములలోని వర్తకమును చాలవరకు తమ కెనడా శాఖకు అప్పగించిరి. 1926లో మన దేశమున నెలకొన్న ఫోర్డు సంస్థ ఆ కెనడా కంపెనీకి చెందినదే. జనరల్ మోటార్సువారు 1928లో బొంబాయి యందలి సివ్రీలో కూర్పుశాల తెరచిరి. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్సు సంస్థ క్రైస్లర్ వారితో ఒడంబడిక చేసికొని, 1947 మొదలుకొని బొంబాయి కుర్లాలో డాడ్జ్, ప్లిమత్, డిసోటో కార్లను కూర్చినది. విడిభాగములు పెట్టెలలో ఓడపై వచ్చెడివి. ఇచ్చట వానిని బిగించి, రంగు వేసి, తొడుగులు కుట్టి అమ్మెడివారు. 1953లో టారిఫ్ కమిషను నివేదిక పిమ్మట, భాగములను క్రమముగా మన దేశముననే చేయు ప్రణాళిక లేని సంస్థలకు ఇక తావు లేదని ప్రభుత్వము నిర్ణయించినది. అంతట ఫోర్డు, జనరల్ మోటార్సు సంస్థలు తమ కూర్పుశాలలను మూసికొన్నవి. ప్రీమియర్ వంటి స్వదేశ సంస్థలు నిలిచినవి.

ఈ వృత్తాంతము వినగానే దళారి చెప్పిన మొదటి దోషము వీగిపోవును. మన బాటలకొరకు కూర్చిన కారునకు కుడిచేతి స్టీరింగే అసలు. ఐనను మాటమీద నమ్మరాదు గనుక మేస్త్రి బానెట్టెత్తి, ఇంజనునకును కూర్చుండు చోటికిని నడుమనున్న రేకుగోడను చూపినాడు. పెడళ్లు, స్టీరింగు గొట్టము ఒకప్రక్కనుండి వేరొక ప్రక్కకు మార్చినచో పాత రంధ్రములు మిగులును. వానిని మూయుటకు వేసిన అతుకు చేతిపనియని కంటికే తెలియును. కర్మాగారపు మూత యైనచో అచ్చుపోసినట్లు తీరుగ నుండి దానిమీది రంగు చుట్టుగల రంగుతో ఏకమై యుండును. ఈ కారునందు అతుకులు లేవు.

రెండవ దోషము చూచువారిని నిజముగా తికమకపెట్టునది. క్రైస్లర్ వారు విదేశములకు పంపుటకై ప్లిమత్ ఒడలికే డాడ్జ్ ముఖము తొడిగి ‘డాడ్జ్ కింగ్స్‌వే’ అని పేరుపెట్టిరి. డిసోటో ముఖము తొడిగినది ‘డిసోటో డిప్లొమాట్’. ఒకే తల్లి బిడ్డలకు మూడు పేర్లన్నమాట. మూడు పేర్లతో మూడు దుకాణములలో అమ్మవచ్చును గదా! అవ్వ ట్రంకుపెట్టెలోనుండి తీసిన ఆర్.సి. పుస్తకములో కింగ్స్‌వే అనియే వ్రాసియున్నది. మొదటి నమోదు 1953. కనుక ఇది అతికిన బండి కాదు. పుట్టుకతోనే రెండు పోలికలు గలది.

మూడవదియు అంతే. కుట్టిన తొడుగు బొంబాయిదైనచో, ఆ కారు బొంబాయిలోనే పుట్టినది గనుక అది అసలే. అమెరికాలో అచ్చయిన పుస్తకములను చేతబట్టుకొని మన కార్లకు తీర్పుచెప్పువారు ఈ విషయమును తరచు మరతురు.

ఇక సంఖ్యల మాట. ప్రతి కారునకును ఒక సంఖ్యాపలక ఉండును. ఆ కాలపు కార్లలో అది సాధారణముగా ముందుతలుపు బందులుండు స్తంభముమీద బిగింపబడి యుండును. ఇంజను సంఖ్య వేరు. క్రైస్లర్ కుటుంబపు ఆరు సిలిండర్ల ఇంజనునకు ఎడమప్రక్క ముందుభాగమున, హెడ్డునకు కొంచెము దిగువ, నున్నగా చెక్కిన చిన్న దిమ్మెపై దానిని కొట్టుదురు. ప్లిమత్ ఇంజన్లలో ఆ సంఖ్యకు ముందు ‘పి’ అను అక్షరమును ఒక అంకెయు ఉండును. పి-15 అనగా 1946 మొదలు 1948 వరకు గల నమూనా. పి-18 యనిన 1949. పి-20 యనిన 1950. పి-24 యనిన 1953. పి-25 యనిన 1954. ముందుభాగపు అలంకారములను ఎవరైనను మార్చవచ్చును. ఈ దిమ్మె అబద్ధమాడుట అరుదు. అందుచేతనే దానిని ఇసుక కాగితముతో రుద్దరాదు. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచి, ప్రక్కనుండి టార్చి వెలుగు పడునట్లు పట్టినచో అక్షరములు పైకి తేలును.

షెవర్లే కార్ల కథ కొంత వేరు. జనరల్ మోటార్సు కూర్పుశాల మూతపడిన పిమ్మట మన దేశమున కనబడిన బెల్ ఎయిర్, ఇంపాలా కార్లలో పలువిధములవి విదేశ రాయబార కార్యాలయములవారు తెచ్చుకొని, పోవునపుడు విడిచినవి. అట్టివానిని స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషను ద్వారా అమ్మెడివారు. 1957 నాటి ఒక షెవర్లే సంఖ్య ‘వి సి 57 ఎస్’ అని మొదలైనదనుకొందము. ‘వి’ యనగా ఎనిమిది సిలిండర్ల ఇంజను, ‘సి’ యనగా బెల్ ఎయిర్ తరగతి, 57 సంవత్సరము, ‘ఎస్’ సెయింట్ లూయిస్ కర్మాగారము. తరువాతి ఆరంకెలు వరుస సంఖ్య. ఆరు సిలిండర్ల కారునకు మొదటి ‘వి’ ఉండదు. కనుక ‘వి’ లేని సంఖ్యగల కారులో ఎనిమిది సిలిండర్ల ఇంజను కూర్చుండియున్నచో, అది ఎంత మెరయుచున్నను పిదప పెట్టినదే.

ఆ ఎనిమిది సిలిండర్ల ఇంజను దిమ్మె వెనుక పోతతేది కూడ ఉండును. నెలకొక అక్షరము: ‘ఏ’ జనవరి, ‘బి’ ఫిబ్రవరి, ఇట్లు వరుసగా. ‘సి 14 7’ అనినచో మార్చి 14, సంవత్సరపు చివరి అంకె 7. అది 1957 కావచ్చును, 1967 కావచ్చును. కావున దానితోపాటు పోతసంఖ్యను కూడ చూడవలయును. ఇంజను పోతపోసిన తేది కారు కూర్చిన తేదికి ముందుండవలయును. బిడ్డకంటె గుండె చిన్నది కాజాలదు గదా!

కొసరును గుర్తించుట ఇంతకంటె కష్టము. ఏ కారునకు ఏ అదనపు అమరికలు ఇచ్చిరో ఆ కాలపు పలకలపై పూర్తిగా వ్రాయలేదు. కనుక రేకునే అడుగవలయును. కర్మాగారములో రంగునకు ముందు చేసిన రంధ్రమునకు అంచులవరకు రంగు పట్టియుండును. తరువాత తొలిచినచో అంచున పచ్చి రేకు కనబడి తుప్పు పట్టును. కర్మాగారపు తీగ మిగిలిన తీగలతో కలిసి ఒకే కట్టలో పోవును. పిమ్మట పెట్టినది ఒంటరిగా వ్రేలాడును. ప్లిమత్ కార్లలో 1952 నుండి ఓవర్‌డ్రైవు కొసరుగా లభించినది. అది ఉన్న కారులో గేరుబాక్సు వెనుకకు పొడవై యుండును, డ్యాష్‌బోర్డు క్రింద ఒక పిడి యుండును. ఇక శామీర్‌పేట ఎండలో వేడిగాలి పెట్టె గల కారు కనబడినచో నవ్వి ఊరకుండరాదు. ఆ కారును మొదట ఎవరో చలిదేశమును తలచుకొని తెప్పించుకొన్నారని అది చెప్పుచున్నది.

రేడియో శ్రోతలకు కారు రేడియో మాట ప్రీతికరముగా నుండును. మేము చూచిన కారులో గుండీలు నొక్కు రేడియో ఒకటి యున్నది. క్రైస్లర్ కార్లలో 1955 వరకు ఆరు వోల్టుల బ్యాటరీయే. దాని ధనధ్రువమును ఒడలికి కలుపుదురు. ఆరు వోల్టులతో రేడియో వాల్వులు పనిచేయవు గనుక, వైబ్రేటరు అను చిన్న పరికరము విద్యుత్తును తునకలుచేసి ట్రాన్స్‌ఫార్మరునకు అందించును. అచ్చట వోల్టేజి పెరుగును. పాత కారు రేడియో వేయగానే వినబడు సన్నని జుమ్ముమను ధ్వని దానిదే. అట్టి కారునకు పండ్రెండు వోల్టుల బ్యాటరీ తగిలించి రేడియో వేసినచో ఆ సెట్టు అక్కడికక్కడే మాడిపోవును. మీ ఇంట అట్టి కారున్నచో మొదట ఆ తీగ విప్పుడు.

ఈ రేడియో అసలా, కొసరా? యాంటెన్నా రంధ్రపు అంచున పచ్చి రేకు, తుప్పు కనబడినవి. దానికంటె గట్టి సాక్ష్యము ట్రంకుపెట్టెలోనే దొరకినది. 1933 నాటి చట్టము ప్రకారము రేడియో సెట్టు ఉంచుకొనుటకు లైసెన్సు ఉండవలయును. తపాలా కార్యాలయమున ఏటేట సొమ్ము కట్టెడివారు. ఆ పద్ధతి 1980 తరువాతి యేండ్లలో పోయినది. ఆర్.సి. పుస్తకము క్రింద ఆ కారు రేడియో లైసెన్సు పుస్తకము భద్రముగా నున్నది. అందు మొదటి ముద్ర 1955. కారు కొన్న రెండేండ్లకు రేడియో వచ్చినదన్నమాట. ఈ మాట విని అవ్వ నవ్వినది. “పొద్దుగూకంగ వార్తలొచ్చే యాళ్లకు మా మామ బండిని కల్లంకాడ ఆపి తలుపులన్ని తెరిచేటోడు. కూలికొచ్చినోళ్లు సుట్టు కూసోని ఇనేటోళ్లు” అని చెప్పినది. కొసరే కావచ్చును, ఆ కారు చరిత్రలో దానికి మించిన అసలు మాకు కనబడలేదు.

తరువాత స్థితిని చూచితిమి. మన పీఠభూమి గాలి పొడిగా నుండును. విశాఖపట్టణము, కాకినాడవంటి తీరములలో ఉప్పుగాలి రేకును తినునట్లు ఇచ్చట తినదు. కాని ఎండ రబ్బరును, తొడుగులను పీల్చివేయును. ఎలుకలు తీగలను కొరుకును. మట్టినేలమీద నిలిపిన కారునకు వానకాలపు చెమ్మ క్రిందినుండి ఎక్కును. కావున పైమెరుగును కాక అడుగును చూడవలయును. చాపలెత్తి నేలరేకును, తలుపుల క్రింది కమ్మీలను, డిక్కీ అడుగును, ఒడలిని చట్రమునకు బిగించిన చోట్లను తట్టి చూడవలయును. పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతమును రేకుమీద నడిపించినచో, లప్పము నింపిన చోట అది పట్టువిడిచి జారును. ఈ కారు నేలరేకున రెండుచోట్ల చిల్లులున్నవి, ఎడమ మడ్‌గార్డున లప్పమున్నది. చట్రము గట్టిగా నున్నది. పైరంగు తెలుపు. గ్లవ్ బాక్సు విప్పి లోపల చూడగా లేత ఆకుపచ్చ. పుస్తకములో వ్రాసిన రంగును అదే.

మేస్త్రి అంతట చక్రముల వద్ద కూర్చుండి ఒక వింత చూపినాడు. క్రైస్లర్ కుటుంబపు కార్లలో ఎడమప్రక్క చక్రముల బోల్టులు అన్నిటివలె గాక తిరుగుడుగా విప్పుకొనును. తెలియనివారు బలముకొలది ఎదురు త్రిప్పి విరుగగొట్టుదురు. “సార్, ఇండ్ల రెండు బోల్టులు సీదా మరవి. ఎవరో పంచరు షాపులో విరగ్గొట్టి ఎక్కించిన్రు” అని అతడనెను. ఒక్కొక్క బోల్టునకును ఒక కథ యుండును.

ఇంతవరకు అన్నియు కారునకు అనుకూలముగనే నడచినవి. కాని అసలు చిక్కు దళారి చెప్పని చోట నున్నది. ఆర్.సి. పుస్తకములో ఇంజను సంఖ్యను ఎర్రసిరాతో కొట్టివేసి, దాని క్రింద వేరొక సంఖ్య వ్రాసినారు, సంవత్సరము 1976. 1973 పిమ్మట పెట్రోలు ధర పెరుగగా పెద్ద అమెరికా కార్లకు డీజిలు ఇంజన్లు పెట్టించుట మన ఊళ్లలో సాధారణమాయెను. ఈ కారునందున్నదియు అట్టి డీజిలు ఇంజనే.

ఇందువలన నష్టమేమని అడుగవచ్చును. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము మోటారు వాహనముల నిబంధనలను సవరించి పురాతన వాహనములకు వేరు నమోదు ఏర్పరచినది. మొదటి నమోదు జరిగి 50 ఏండ్లు నిండిన రెండు, నాలుగు చక్రముల సొంత వాహనములకు అది వర్తించును. నూతన నమోదునకు రుసుము 20,000 రూపాయలు; పదేండ్లు చెల్లును; ఆ పిమ్మట మరల నమోదు చేయించుకొనుటకు 5,000 రూపాయలు. సంఖ్యలో రాష్ట్రపు గుర్తు తరువాత ‘వీఏ’ అను అక్షరములుండును. ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, ఇంధనము పోయించుటకు, మరమ్మతునకు తప్ప నిత్యము తిప్పరాదు. వీనికి మించిన షరతు ఒకటి కలదు. వాహనము తొలిరూపమున నిలిచి యుండవలయును. చట్రమునందుగాని, ఒడలియందుగాని, ఇంజనునందుగాని పెద్ద మార్పు జరిగి యుండరాదు.

మేము ఈ మాటను దాచక చెప్పితిమి. ఆ యింటి మనుమరాలి ముఖము చిన్నబోయినది. అవ్వ మాత్రము కొంచెమాగి, “పాత ఇంజనా? అది బాయికాడ ఉన్నది గద!” అనినది. కారునుండి దింపిన ఇంజనును వారి మామ బావివద్ద నీరు తోడు పంపునకు తగిలించినాడట. కరెంటు మోటారు వచ్చిన తరువాత అది అచ్చటనే తీగలక్రింద పడియున్నది. అందరము పోయి తీగలను తొలగించితిమి. మేస్త్రి కిరసనాయిలు గుడ్డతో దిమ్మె తుడిచి టార్చి పట్టినాడు. మొదటి రెండంకెలు తుప్పులో కలిసినవి. తక్కినవన్నియు పుస్తకములో ఎర్రసిరా క్రిందనున్న అంకెలే.

ఇంజను దిమ్మె ఒకప్రక్క చిట్లియున్నది. అది మరల తిరుగునో లేదో పనిలో దిగినగాని తెలియదు. తిరిగినను నమోదు విషయము రవాణాశాఖ అధికారులు నిర్ణయింపవలసినదే. మేము మాట యియ్యజాలము. కాని వారి యింట నున్నదేమో వారికి ఇప్పుడు తెలిసినది. బొంబాయిలో పుట్టిన కారు, కుడిచేతి స్టీరింగుతో, తన చట్రముతో, తన ఒడలితో నిలిచియున్నది. రేడియో కొసరు, దానికి కాగితముగల కొసరు. ఇంజను మారినది, మొదటిది దొరకినది. నేలరేకు, బోల్టులు, మడ్‌గార్డు పోయినవానిలో చేరును. ఇది పాతయినుము లెక్క కాదు. మెరుగు పెట్టి గొప్పలు చెప్పుకొను లెక్కయు కాదు. ఉన్నదున్నట్లు చెప్పుకొను లెక్క.

మీ యింటగాని మీ బంధువుల యింటగాని అట్టి కారున్నచో ఈ నాలుగు పనులు చేయుడు. రంగు వేయించుటకు పూర్వమే పలకలను, సంఖ్యలను, లోపలి రంగును ఫోటోలు తీయించుడు. కాగితములను, ఎంత చిరిగినవైనను, పారవేయకుడు. విప్పిన ప్రతి భాగమును ఒక పెట్టెలో వేసి పేరు వ్రాయుడు. ఇంటి పెద్దలను కూర్చుండబెట్టి, ఏ యేట ఏమి మార్చిరో అడిగి వ్రాసికొనుడు. రంగు ఎప్పుడైనను వేయవచ్చును. గీకివేసిన సాక్ష్యమును మరల తేజాలము.

వారము దినముల పిమ్మట దళారి మరల వచ్చి ధర పెంచి చెప్పినాడని తెలిసినది. మనుమరాలు అతనితో, “ముందు మా లెక్క మేం రాసుకుంటున్నం. రాసుకున్నంక మాట్లాడుదం” అని బదులు చెప్పినదట. ఇప్పుడా కారు మేడ్చల్‌లో వారి చుట్టముల షెడ్డునందు, చక్రముల క్రింద పలకలు వేసికొని నిలిచియున్నది. దాని ప్రక్కనే, నూనె పూసి గోనె కప్పిన పాత ఇంజను.